వాలుపై దుక్కి, వాగులో ట్రౌట్: కూన్ క్రీక్ పరీవాహక ప్రాంతపు అనుభవం

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు నైరుతి భాగంలో కూన్ వ్యాలీ అనే చిన్న ఊరున్నది. ఏప్రిల్ నెలలో మబ్బు పట్టిన మధ్యాహ్నం ఆ ఊరి సమీపాన పారే టింబర్ కూలీ వాగును గమనిస్తే, బూడిదరంగు రెక్కలను నిలువుగా మడిచి నీటిమీద తేలిపోయే మేఫ్లై కీటకాలు కనబడతాయి. కొంతసేపటికి వాటి మధ్య చిన్న చిన్న వలయాలు లేస్తాయి. ఒక్కొక్క వలయం ఒక ట్రౌట్ చేప పైకి వచ్చి ఒక కీటకాన్ని మింగిన గుర్తు. దిగువన, గడ్డిలో మోకాళ్ళమీద వంగి, గాలం వేసే వ్యక్తి ఒకరు ఆ వలయాల లెక్క చూచుకొంటూ ఉంటారు. వారి వెనుక లూసర్న్ చేను, దానికి పైన వాలు వెంబడి వంపు తిరిగిన మొక్కజొన్న, గడ్డి పట్టీలు, అన్నింటికీ పైన గుట్ట అంచున అడవి. ఆ వాగులో చేప ఉండడానికీ ఈ పట్టీల వంపునకూ గల సంబంధం వ్యవసాయ శాస్త్ర విద్యార్థులకు మత్స్యశాస్త్రం కన్నా ఎక్కువ ఉపయోగపడే పాఠం.

ఈ వేట పద్ధతిని ఫ్లై ఫిషింగ్ అంటారు. మన చెరువుగట్ల మీద గాలం వేసేవారు ఎరకు బరువు కట్టి విసురుతారు, బరువు దారాన్ని లాగుకొనిపోతుంది. ఇక్కడ ఎర అంటే కొక్కేనికి ఈకలు, బొచ్చు, పట్టుదారం చుట్టి చేసిన నకిలీ కీటకం. దానికి బరువు ఉండదు. అందుచేత బరువును దారంలోనే ఉంచి, పొడవైన, వంగే గుణం గల కర్రతో దారాన్నే గాలిలో ముందుకూ వెనుకకూ ఆడించి విసరాలి. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల ఉంచి నిలుస్తుంది కనుక వేటగాడు దిగువనుండి పైకి వస్తాడు. నకిలీ కీటకం నిజమైన కీటకం వలెనే ప్రవాహవేగంతో తేలిపోవాలి. దారం లాగడం వలన అది అడ్డంగా కదిలిందా, చేప దానివంక చూడదు. నీటి అడుగున పాకే పిల్లపురుగులను అనుకరించే ఎరలు కొన్ని, ఉపరితలంపై తేలేవి కొన్ని, వేసవి చివర పచ్చిక బీళ్ళనుండి ఎగిరి నీటిలో పడే మిడతలను అనుకరించేవి మరికొన్ని. కనుక ఈ విద్యలో ఆరితేరినవారు తెలియకుండానే సగం కీటకశాస్త్రజ్ఞులు.

ట్రౌట్‌కు మూడు కావాలి. మొదటిది చల్లని నీరు. 10 డిగ్రీల సెల్సియస్ నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది, 25 డిగ్రీల వద్ద అది 8 చిల్లరకు పడిపోతుంది. నీరు 20 డిగ్రీలు దాటితే చేప మేత మానుకొని అవస్థపడుతుంది. రెండవది శుభ్రమైన గులకరాళ్ళ అడుగు. బ్రూక్ ట్రౌట్, బ్రౌన్ ట్రౌట్ శరదృతువులో గులకరాళ్ళను తోకతో తవ్వి, గుంటలో గ్రుడ్లు పెట్టి, పైన మళ్ళీ రాళ్ళు కప్పుతాయి. చలికాలమంతా ఆ రాళ్ళ సందులగుండా నీరు ప్రవహిస్తేనే గ్రుడ్లకు ఊపిరి. సందులలో మెత్తటి ఒండ్రు చేరితే గ్రుడ్లు అక్కడే చనిపోతాయి. మూడవది మేత, అంటే రాళ్ళను అంటిపెట్టుకొని బ్రతికే కీటకాలు. అవికూడా ఒండ్రు కప్పిన అడుగున నిలువలేవు. ఈ మూడింటిలో ఏదీ వాగులో పుట్టేది కాదు. చల్లదనం భూమిలో ఇంకిన వాననీటినుండి, ఒండ్రు పొలాల కోతనుండి వస్తాయి.

లోయలు పూడిన కాలం

ఈ ప్రాంతాన్ని డ్రిఫ్ట్‌లెస్ ప్రాంతం అంటారు. హిమయుగాలలో చుట్టుపక్కల నేలను ఒరుసుకొనిపోయి, రాళ్ళనూ మట్టినీ విడిచివెళ్ళిన మంచుపలకలు దీనిని ముంచలేదు. అందువలన గుట్టలు, ఇరుకు లోయలు యథాతథంగా నిలిచినవి. పైన డోలమైటు, దానికింద ఇసుకరాయి. వాటిమీద గాలి మోసుకొచ్చిన సన్నని ఒండ్రు నేల, అంటే లోయెస్. ఇది సారవంతమైనది, వేళ్ళు సులభంగా దిగేది, నీటికి అంతే సులభంగా కరిగి కొట్టుకొనిపోయేది. రాతి పొరల సందులనుండి లోయల మొదట్లో ఏడాది పొడవునా సుమారు 9, 10 డిగ్రీల చల్లదనంతో ఊటలు వస్తాయి. హో-చంక్ ప్రజల నేల ఇది. 19వ శతాబ్ది మధ్యనుండి నార్వే తదితర దేశాలనుండి వలస వచ్చినవారు ఇక్కడ సేద్యం ఆరంభించారు.

మొదట గోధుమ, తరువాత పాడి. పొలాలను చతురస్రాలుగా కొలిచి పంచుకొన్నందున నాగలి కూడా చతురస్రపు హద్దుల వెంబడే సాగింది, అంటే చాలాచోట్ల వాలుకు నిలువుగా. దుక్కికి పనికిరాని నిటారు వాలులలోని అడవులలోకి ఆవులను తోలారు. గొర్రుచాళ్ళు కాలువలైనవి, కాలువలు మనిషి లోతు గండ్లైనవి. 1920లు, 1930ల నాటికి చిన్న వానకు కూడా లోయలో వరద వచ్చేది. గుట్టలమీది మట్టి లోయ అడుగున పరచుకొని కంచెరాళ్ళను, రోడ్లను, వంతెనలను పూడ్చివేసింది. కొన్ని చోట్ల పాత పొలం మట్టి అడుగుల లోతున సమాధి అయినది. ఆ లోయ గట్లను నేడు కోసి చూచినా, అడుగున నల్లని పాతనేల, పైన లేతరంగు ఒండ్రు స్పష్టంగా వేరుపడి కనబడతాయి.

ఇంకవలసిన నీరు పైనే పారిపోవడంతో ఊటలు సన్నగిల్లినవి. వాగులు వెడల్పై, లోతు తగ్గి, ఎండకు వేడెక్కినవి. స్థానికమైన బ్రూక్ ట్రౌట్ ఊట మొదళ్ళకు పరిమితమైనది. 1880లలో ఐరోపానుండి అమెరికాకు తెచ్చిన బ్రౌన్ ట్రౌట్ కొంత వేడిని తట్టుకోగలదు. అయితే అదికూడా ఒండ్రులో సంతానోత్పత్తి చేయలేకపోయినది. దశాబ్దాల తరబడి వసంతంలో హేచరీ చేపలను వదలడం, వేసవిలోగా వాటిని పట్టుకోవడం, మిగిలినవి చనిపోవడం అనే వార్షిక తంతు నడిచింది. కిరాయి పంట వంటిది అది.

1933: ఒప్పందం

1933లో అమెరికా ప్రభుత్వం హ్యూ హామండ్ బెనెట్ నాయకత్వాన భూక్షయ నివారణ సేవాసంస్థను నెలకొల్పినది. 1935లో వ్యవసాయశాఖ కిందికి వచ్చిన భూసంరక్షణ సంస్థకు ఇదే మాతృక. ఆ సంస్థ మొదటి ప్రదర్శన క్షేత్రంగా ఎంచుకొన్నది సుమారు 360 చదరపు కిలోమీటర్ల కూన్ క్రీక్ పరీవాహక ప్రాంతాన్ని. ఎంపికకు ఒక కారణం పక్కనే లాక్రాస్ పట్టణం వద్ద భూక్షయ పరిశోధనా కేంద్రం ఉండడం. అక్కడ వేర్వేరు పంటల కింద వాలు నేలనుండి ఎంత మట్టి పోతున్నదో కొలుస్తూనే ఉన్నారు. కొలత చేతిలో ఉన్నచోట ప్రదర్శన మొదలుపెట్టడం తెలివైన నిర్ణయం.

విస్తరణ శాస్త్రజ్ఞులు గమనించవలసినది ఒప్పందపు స్వరూపాన్ని. రైతు అయిదేళ్ళపాటు పొలం ప్రణాళికను పాటించడానికి సంతకం చేస్తాడు. ప్రతిగా సంస్థ సున్నం, ఎరువులు, విత్తనం, కంచె తీగ సమకూరుస్తుంది. పనికి నిరుద్యోగ యువకుల శిబిరం, అంటే సివిలియన్ కన్జర్వేషన్ కోర్, శ్రమను అందిస్తుంది. నాలుగు వందలకు పైచిలుకు రైతులు చేరారు. అందులో చాలామందికి చేపలమీద ఆసక్తి ఉన్నదని అనుకోవలసిన పనిలేదు. కరువు, మాంద్యం కాలంలో సున్నమూ, కంచె తీగా ఉచితంగా వస్తాయన్నదే ఆకర్షణ. వచ్చినవారు నిలిచినది మాత్రం లూసర్న్ దిగుబడి చూచి.

చేసిన పనులు మనకు కొత్తవి కావు: కాంటూరు వెంబడి పట్టీలుగా సేద్యం, మొక్కజొన్న, ఓట్లు, ఆపై రెండు మూడేళ్ళ గడ్డి వచ్చే పంటమార్పిడి, మెరకలలో గట్లు, గండ్లకు అడ్డకట్టలు. వీటన్నింటిలో ముఖ్యమైనదీ, రైతులకు కష్టమైనదీ నిటారు వాలు అడవులనుండి పశువులను వెలుపల ఉంచడం. ఒక్క కంచెతో వాలు మేత పోతుంది. ఆ మేతకు బదులు మెరకమీద సున్నం వేసి పెంచిన లూసర్న్ చూపగలిగినప్పుడే కంచె నిలిచింది. నిషేధాన్ని ప్రత్యామ్నాయంతో జతచేయని కార్యక్రమాలు ఎందుకు విఫలమౌతాయో దీనినిబట్టి ఊహించవచ్చును.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆ ఏడాదే ఆచార్యపదవి చేపట్టిన ఆల్డో లియోపోల్డ్ ఈ పథకానికి సలహాదారు. ఆయన కుమారులు కూడా అక్కడ పనిచేశారు. 1935లో అమెరికన్ ఫారెస్ట్స్ పత్రికలో కూన్ వ్యాలీ గురించి ఆయన వ్యాసం వెలువడినది. పంటకొక శాఖ, అడవికొక శాఖ, చేపకొక శాఖ వేర్వేరుగా వచ్చి ఒకే పొలంలో ఒకదాని పనిని మరొకటి చెరుపుతున్నాయనీ, పొలం మొత్తానికి ఒకే ప్రణాళిక ఉండాలనీ ఆయన వాదం. తొంభై ఏళ్ళు గడిచినా ఆ ఫిర్యాదుకు కాలం చెల్లలేదు.

ఫలితం ఎప్పుడు వచ్చినది

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగలగడానికి కారణం మొదట్లో చేసిన ఒక ఆకర్షణలేని పని. 1930ల చివర స్టాఫర్డ్ హ్యాప్ అనే భూవిజ్ఞాని లోయకు అడ్డంగా అనేక రేఖలు గీసి, ఎక్కడ ఎంత ఒండ్రు ఉన్నదో సర్వే చేసి పెట్టాడు. దశాబ్దాల తరువాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు స్టాన్లీ ట్రింబుల్ అవే రేఖలను వెదికి పట్టుకొని మళ్ళీ కొలిచాడు. 1999లో సైన్స్ పత్రికలో ప్రచురించిన ఫలితాల ప్రకారం 1975-93 మధ్య లోయలో ఒండ్రు చేరే వేగం 1930ల నాటి దానిలో సుమారు 6 శాతం మాత్రమే.

అదే పరిశోధన మరొక సంగతి తెలిపినది, అది మొదటిదానికన్నా ఆలోచింపదగినది. ఈ పరీవాహక ప్రాంతంనుండి మిసిసిపీలోకి వెళ్ళే ఒండ్రు పరిమాణంలో అంతటి మార్పు లేదు. కోత ఉద్ధృతంగా ఉన్న రోజులలో మట్టిలో అధికభాగం లోయలోనే నిలిచిపోయినది. కోత తగ్గిన తరువాత వాగు ఆ పాత నిల్వనే కోసుకొని దిగువకు మోస్తున్నది. అంటే వాగు ముఖద్వారం వద్ద ఒక్క కొలమానం పెట్టి కూర్చున్నవాడికి ఎగువ పొలాలలో జరిగిన గొప్ప మార్పు కనబడనే కనబడదు.

నీటి విషయం కూడా ఇటువంటిదే. అమెరికా భూవిజ్ఞాన సర్వే సంస్థ దీర్ఘకాలపు ప్రవాహ లెక్కలను పరిశీలించినప్పుడు డ్రిఫ్ట్‌లెస్ ప్రాంతపు వాగులలో వరద ఉద్ధృతి తగ్గి, వానలేని రోజుల కనీస ప్రవాహం పెరిగినట్లు తేలినది. గడ్డి పట్టీలలో, పశువులు తొక్కని అడవి నేలలో ఇంకిన నీరు రాతిపొరలగుండా దిగి, ఊటగా మళ్ళీ పైకి వచ్చినది. ఊట బలపడడంతో వాగు చల్లబడినది. చల్లని ప్రవాహం ఒండ్రును కడిగి, గులకరాళ్ళను బయటపెట్టినది. ఆ రాళ్ళమీద మొదట కీటకాలు, వాటి వెనుక చేపలు వచ్చినవి. టింబర్ కూలీ వంటి వాగులలో బ్రౌన్ ట్రౌట్ తనంతట తానే సంతానోత్పత్తి చేయసాగినది, హేచరీ చేపలను వదలవలసిన అవసరం క్రమంగా తీరినది. 1990లలో రాష్ట్ర సహజవనరుల శాఖ ఈ వాగు చేపలనుండే గ్రుడ్లు సేకరించి, ఇతర వాగులకు అడవి స్వభావం గల పిల్లలను పెంచే స్థితికి వచ్చినది.

కంచె వేసినదానికీ చేప వచ్చినదానికీ మధ్య అరశతాబ్దం. మన వాటర్‌షెడ్ కార్యక్రమాలతో పోల్చి చూడడం ఇక్కడ అప్రస్తుతం కాదు. సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సాంకేతిక సంఘం సిఫారసుల ఆధారంగా 1995నుండి అమలైన మార్గదర్శకాలలో ఒక్కొక్క వాటర్‌షెడ్ సుమారు 500 హెక్టార్లు, వ్యవధి నాలుగేళ్ళు. అంత స్వల్పకాలంలో గట్లు లెక్కపెట్టవచ్చు, బావులలో నీటిమట్టం చూడవచ్చు. వాగు స్వభావం మారినదా లేదా అన్నది ఆ మూల్యాంకనానికి అందదు. అనంతపురం, మహబూబ్‌నగర్ వాగులలో ట్రౌట్ బ్రతకదు, అది వేరే మాట. కానీ పథకం ముగిసిన ముప్పై ఏళ్ళకు ఎవరైనా వచ్చి మళ్ళీ కొలవడానికి వీలుగా రేఖలు గీసి, రాళ్ళు పాతి, పటాలు భద్రపరచిన సందర్భాలు మన వద్ద ఎన్ని?

ఒడ్డు ఎవరిది

విస్కాన్సిన్‌లో నావ నడువగల నీరు ప్రజలది, ఒడ్డు రైతుది. వేటగాడు పాదాలు తడిగా ఉన్నంతవరకు, అంటే వాగులోనే నడుస్తూ, ఎవరి పొలం గుండానైనా వెళ్ళవచ్చును. ఆ దారిలోనికి వంతెన వద్దనో, పార్కు వద్దనో దిగాలి. దీనికితోడు రాష్ట్రం అనేక చోట్ల ఒడ్డు వెంబడి నడిచి చేపలు పట్టే హక్కును రైతులకు డబ్బు చెల్లించి శాశ్వతంగా కొన్నది. భూమి రైతు పేరనే ఉంటుంది, పన్ను కూడా అతనిదే. పొలం కంచెలకు మెట్లు, వాటి పక్కన చిన్న పసుపు పలకలు ఆ ఒప్పందానికి గుర్తులు.

ఈ హక్కు ఉన్నచోటనే ప్రజాధనంతో ఒడ్డు బాగుచేయడం సాధ్యమైనది. పూడిన ఒండ్రువలన నిటారుగా నిలిచిన గట్లను వాలుగా చెక్కి, గడ్డి నాటి, నీటి అంచున చెక్కలతో కట్టిన అరుగులను పాతుతారు. పైన రాయి, మట్టి కప్పిన ఆ అరుగుల కింద చేపలు దాక్కుంటాయి. 1959లో మిషిగన్‌లో పుట్టిన ట్రౌట్ అన్‌లిమిటెడ్ సంస్థ సభ్యులు సెలవు దినాలలో వచ్చి ఈ పనులలో పాల్గొంటారు. ఒడ్డుకు పశువులను అసలు రానివ్వరాదా అన్న విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు. నైరుతి విస్కాన్సిన్ వాగులపై జరిగిన పరిశోధనలలో, పచ్చికను గళ్ళుగా విభజించి పశువులను వంతులవారీగా మేపినచోట ఒడ్డు కోత నిరంతరం మేపినచోటికంటె తక్కువగా ఉన్నది. పశువును పూర్తిగా వెళ్ళగొట్టడంకన్నా మేత పద్ధతిని సరిదిద్దడం రైతుకూ వాగుకూ మేలని ఈ ఫలితాలు సూచిస్తున్నవి.

వెస్ట్ ఫోర్క్ కికపూ అనే పొరుగు వాగు ఒడ్డున, ట్రౌట్ వేటకు పేరుపొందిన పల్లె పేరు అవలాంచ్. నీలగిరులలో పాత మద్రాసు ప్రభుత్వం 20వ శతాబ్ది తొలి దశకంలో ట్రౌట్ హేచరీ నెలకొల్పిన చోటి పేరు కూడా అవలాంచే. పేర్ల పోలిక కాకతాళీయం. కానీ ఒకే చేప కోసం ఒకచోట కొండవాగుకు కొత్త జాతిని తెచ్చారు, మరొకచోట పొలాన్ని మార్చుకొన్నారు.

2018 తరువాత

1954నాటి పరీవాహక రక్షణ చట్టం కింద ఈ లోయల మొదళ్ళలో మట్టికట్టలు కట్టారు. వానలేని రోజులలో చాలామటుకు ఖాళీగా ఉండి, వరదను కొద్దిసేపు నిలిపి వదలడం వాటి పని. 2018 ఆగస్టు 27-28 రాత్రి కురిసిన భారీ వర్షానికి కూన్ క్రీక్‌లో మూడు, వెస్ట్ ఫోర్క్ కికపూలో రెండు కట్టలు తెగినవి. నీరు కట్టమీదుగా పొర్లినందున కాక, కట్ట కొండకు ఆనే చోట పగుళ్ళిచ్చిన ఇసుకరాయి గుండా దారిచేసుకొన్నందున తెగినవి. ఏ రాతి పగుళ్ళు ఊటలనిచ్చి ట్రౌట్‌ను నిలిపినవో, ఆ పగుళ్ళే కట్టలను కూల్చినవి. కూన్ వ్యాలీ ఊరు నీట మునిగినది. బాగుచేసిన ఒడ్లు చాలాచోట్ల కొట్టుకొనిపోయినవి. చేపలు మాత్రం ఊహించినదానికన్నా త్వరగా కోలుకొన్నవి, అడుగున గులకరాళ్ళు మిగిలినందున.

వరద కన్నా నిదానంగా వస్తున్న మార్పు ఒకటున్నది. పట్టీ సేద్యం నిలిచినది ఆవు ఉన్నందువలన. గడ్డిని తినే ఆవు ఉన్నప్పుడే గడ్డి పట్టీకి విలువ. ఈ శతాబ్దం ఆరంభంనుండి విస్కాన్సిన్‌లో పాడి క్షేత్రాల సంఖ్య సగానికి పైగా తగ్గినది. పాలవ్యాపారం మానుకొన్న రైతు వాలుమీద లూసర్న్ దేనికి పెంచుతాడు? అనేక చోట్ల పట్టీలను కలిపివేసి మొక్కజొన్న, సోయాచిక్కుడు వేస్తున్నారు. పెద్ద యంత్రాలకు వంపులు ఇబ్బంది. దుక్కిలేని సేద్యంతో, శీతాకాలపు కప్పుపంటలతో కొంత నష్టాన్ని పూడ్చుకొంటున్నవారున్నారు, అయితే గడ్డి నాలుగేళ్ళ వేళ్ళతో చేసే పని కప్పుపంట నాలుగు నెలలలో చేయలేదు. నత్రజని సమస్య వేరే ఉన్నది. ఇంకిన నీరే ఊట గనుక, పైన వేసిన ఎరువులోని నైట్రేటు కొన్నేళ్ళకో, దశాబ్దాలకో ఊటలోనే తేలుతుంది.

వరద తరువాత పరీవాహక ప్రాంత నివాసులు, అందులో రైతులూ, గాలం వేసేవారూ కలిసి, సొంతంగా ఒక మండలిగా ఏర్పడి సమావేశాలు జరుపుకొంటున్నారు. 1933లో సున్నం, కంచె తీగ ఇచ్చినట్లు నేడు ఏమి ఇస్తే వాలుపై గడ్డి నిలుస్తుందన్నది వారి ముందున్న ప్రశ్న. ఆవులేని రైతుకు గడ్డి ఎండబెట్టి అమ్ముకొనే బేరమా, పొరుగువాడి పశువులకు మేపు కౌలా, నీటిని ఇంకించినందుకు చెల్లింపా?

వేటకాలం అక్టోబరు 15తో ముగుస్తుంది. అప్పటికి సైలేజీ మొక్కజొన్న కోత అయిపోతుంది. నవంబరులో గాలపు కర్రలు లేని ఒడ్లపక్కన, లోతు తక్కువైన చోట్ల, ట్రౌట్‌లు జంటలుగా చేరి రాళ్ళు తవ్వుతాయి. తవ్విన చోటు చుట్టుపక్కలకన్నా తేటగా, చాపంత వెడల్పున మెరుస్తూ వంతెనమీదనుండి కూడా కనబడుతుంది. అదే వంతెనమీదనుండి తల ఎత్తితే, గుట్టల వాలులలో ఏవి ఇంకా పచ్చగా ఉన్నవో, ఏవి చలికాలానికి బోసిగా మిగిలినవో కూడా కనబడతాయి.